ఎటిమాన్‌లైన్ రివ్యూ: షెపర్డ్‌లో ‘ఎఫ్’ ఎక్కడిది?

పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవాళ్ళు, సాయంత్రం పూట పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించే అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే విషయం ముందే చెప్పేస్తాను. ఎటిమాన్‌లైన్ సైట్ ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. పూర్తి పేరు ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ. ఒక ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టింది, ఏ రూపంలో ఉండేది, ఏ భాష మీదుగా వచ్చింది, రాతలో మొదట ఏ ఏడాది కనిపించింది, ఇవన్నీ చెప్పే సైట్ ఇది. అమెరికాలో పెన్సిల్వేనియాకి చెందిన డగ్లస్ హార్పర్ అనే ఆయన మొదలుపెట్టి పెంచుకుంటూ వచ్చారు. ఉచితం. యాప్ కూడా ఉంది గానీ నేను సైట్‌నే వాడుతున్నాను, అంతా అక్షరాలే కాబట్టి కాలవ గట్టు మీద సిగ్నల్ సగం సగం ఉన్నా పేజీ తెరుచుకుంటుంది.

మాది కోనసీమలో కొత్తపేట వైపు. హైస్కూల్ పిల్లలకి ట్యూషన్ చెప్తాను. గొర్రెల కాపరిని ఇంగ్లీషులో షెపర్డ్ (shepherd) అంటారు కదా, మా దగ్గర ఈ మాట ఎవరి నోట విన్నా ‘షెఫర్డ్’ అనే వినిపిస్తుంది. కాన్వెంటు బోర్డు మీద, ఆటో వెనకాల, ప్రార్థన మందిరం గోడ మీద, ఎక్కడ ఇంగ్లీషులో ఆ మాట కనిపించినా పి పక్కన హెచ్ చూడగానే నోరు ఎఫ్ వైపు వెళ్ళిపోతుంది. పిల్లల్ని అనడానికి లేదు, ఫోన్, ఫోటో, ఎలిఫెంట్ అని మనమే నేర్పాం కదా. అలా కాదమ్మా, షెపర్డ్ అనాలి అంటే ‘ఎందుకండీ’ అంటారు, ‘అదంతే’ అని చెప్పి ఊరుకుంటే రేపటికి మళ్ళీ షెఫర్డే. కారణం చెప్తే నిలబడుతుంది. ఆ కారణం ఈ సైట్‌లో ఒక్క పేజీలో ఉంది.

పేజీ ఎలా ఉంటుందో చెప్తాను. పైన మాట. కింద పాత ఇంగ్లీషు రూపం, ‘షెయాప్ హియెర్డె’ అని పలకొచ్చు దాన్ని. దాన్ని రెండు ముక్కలు చేసి చూపిస్తుంది, షెయాప్ అంటే గొర్రె, హియెర్డె అంటే కాపరి. జర్మన్ భాష వైపు చుట్టాలు ఏమున్నాయో ఇంకో వాక్యం. అంతే. పి షీప్‌ది, హెచ్ హెర్డ్‌ది, రెండూ రెండు మాటల అక్షరాలు పక్కపక్కన పడ్డాయి. పి, హెచ్ కలిసి ఎఫ్ అయ్యేది గ్రీకు నుంచి వచ్చిన మాటల్లో. షెపర్డ్ ఇంగ్లీషు వాళ్ళ సొంత మాట, దానికి గ్రీకుతో పని లేదు. లూప్‌హోల్‌ని ఎవరూ లూఫోల్ అనరు, అప్‌హిల్‌ని అఫిల్ అనరు, ఇదీ అంతే. బోర్డు మీద రాసి రెండు ముక్కల మధ్య నిలువు గీత గీస్తే చాలు, మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ హెచ్ కూడా ఇంగ్లీషు వాళ్ళు పలకరు, నొక్కు లేని చోట పడింది కాబట్టి కాలక్రమంలో అరిగిపోయింది. రుజువు కావాలంటే ఇంటిపేర్లు చూడాలి. 1961లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి అమెరికన్, 1971లో చంద్రుడి మీద గోల్ఫ్ బంతి కొట్టిన ఆయన, అలన్ షెపర్డ్, ఆయన ఇంటిపేరులో (Shepard) పి పక్కన అసలు హెచ్ లేదు, వినిపించినట్టే రాసేసుకున్నారు. పాత క్రికెట్ చూసినవాళ్ళకి అంపైర్ డేవిడ్ షెపర్డ్ గుర్తుండే ఉంటారు, స్కోరు 111 దగ్గర ఆగితే కాలు ఎత్తి నిలబడేవారు. ఆయన పేరులో పి పక్కన హెచ్ ఉంది, కానీ కామెంటరీలో షెపర్డ్ అనే వినిపించేది.

మరి షీప్‌లో దీర్ఘం ఉంటే షెపర్డ్‌లో ఎందుకు పోయింది? సమాసంలో ముందు పడ్డ దీర్ఘం కుదించుకుపోవడం ఇంగ్లీషులో మామూలే, వైజ్ నుంచి విజ్డమ్, హోలీ నుంచి హాలిడే, గూస్ నుంచి గోస్లింగ్. ఇది పిల్లలకి వింతగా అనిపిస్తుందేమో అనుకుంటారు గానీ మన ఎక్కాల పుస్తకంలో ఉన్నదే కదా, మూడు ముప్పై అవుతుంది, ఆరు అరవై అవుతుంది. అది చెప్పగానే వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.

నాకు ఈ సైట్ మీద గౌరవం కుదిరింది మాత్రం ఇంకో ప్రశ్నతో. మా ట్యూషన్‌లో ఒక కుర్రాడి వాళ్ళ నాన్న గొర్రెలు కాస్తాడు. కోతలయ్యాక మంద మా వైపు దిగుతుంది, రైతులు ఎరువు కోసం రాత్రిపూట చేలో మంద పెట్టించుకుంటారు. వాడు అడిగాడు. ‘మాస్టారండీ, హెర్డ్ అంటే మంద అని మొన్న చెప్పారు కదండీ. మరి షీప్ హెర్డ్ అంటే గొర్రెల మంద అవ్వాలి గానీ మనిషెలా అవుతాడండీ?’

ఎంత మంచి ప్రశ్నో చూడండి. గైడుల్లో కూడా షీప్ ప్లస్ హెర్డ్ అని రాసి వదిలేస్తారు, ఈ ముడి ఎవరూ విప్పరు. అక్కడికక్కడే సైట్ తెరిచి హెర్డ్ అని కొట్టి చూపించాను. పాత ఇంగ్లీషులో మందకి ఒక మాట, మందని కాచేవాడికి దాన్నించి పుట్టిన ఇంకో మాట, రెండూ వేరువేరు. మంద హెయోర్డ్, కాపరి హియెర్డె. కాలం గడిచేసరికి రెండూ అరిగి ఒకటే రూపానికి వచ్చేశాయి. మంద అనే అర్థం గట్టిగా నిలబడింది. కాపరి అనే అర్థం విడిగా దాదాపు కనుమరుగైపోయి షెపర్డ్, కౌహెర్డ్ (ఆవుల కాపరి), స్వైన్‌హెర్డ్ (పందుల కాపరి) లాంటి సమాసాల్లో మాత్రం మిగిలింది. విడిగా వాడటానికి హెర్డర్, హెర్డ్స్‌మన్ అనే మాటలు వచ్చి కూర్చున్నాయి. అంటే షెపర్డ్‌లో రెండో సగం మనిషే, మంద కాదు. వాడి ముఖం చూడాలి మీరు. ‘అంటే మా నాన్నే కదండీ’ అన్నాడు. ఆయ్, మీ నాన్నే అన్నాను.

షెపర్డ్ పేజీలో చివర ఇంకో సంగతి ఉంది. పాత రోజుల్లో ఇంగ్లండులో గొర్రెల కాపరి చనిపోతే చేతిలో ఊలు పోగు పెట్టి పూడ్చేవారట. తీర్పు రోజున దేవుడి ముందు నిలబడినప్పుడు, ఇతను కాపరి, ఆదివారాలు మందని వదిలి చర్చికి రాలేకపోయాడు, మన్నించాలి అనడానికి అది సాక్ష్యం. నేను దాన్ని తెలుగులో చెప్తుంటే క్లాసులో చప్పుడు లేదు. ఆ కుర్రాడు కూడా మంద వచ్చిన రోజుల్లో బడికి నాగా పెడతాడు, తండ్రికి రాత్రి తోడు ఉండాలి కాబట్టి. హాజరు పట్టీలో వాడి పేరు పక్కన పడే ఆబ్సెంటు వెనకాల ఎంత పని ఉందో ఆ ఊలు పోగు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు. ఎటిమాలజీ అంటే పండితుల వ్యవహారం అని తోసేసేవాళ్ళు ఆ ఒక్క పేజీ చదవండి, చాలు.

అక్కడి నుంచి కౌహెర్డ్‌కి వెళ్ళాం. ఇక్కడ ఒక గొయ్యి ఉంది, పిల్లలు పడతారు. కౌహెర్డ్, కవర్డ్, రెండూ వినడానికి దగ్గరగా ఉంటాయి, కాబట్టి పిరికివాడు అనే మాట ఆవులు కాచేవాడి నుంచి వచ్చిందేమో అనుకుంటారు, పాపం ఆవుల్ని కాచేవాడిని పిరికివాడంటే ఎలా, ఎద్దు కొమ్ము పట్టుకుని నిలిపేవాడిని! సైట్ తేల్చి చెప్తుంది, కవర్డ్ ఫ్రెంచి మీదుగా వచ్చింది, మూలం లాటిన్‌లో తోక అనే మాట. తోక తిప్పుకుని పారిపోయేవాడనో, కుక్కలా తోక కాళ్ళ మధ్య పెట్టుకునేవాడనో. మనం ‘తోక ముడిచాడు’ అంటామే, అదే చూపు. అయితే ఇంగ్లీషు వాళ్ళలో కవర్డ్ అనే ఇంటిపేరు ఉంది, అది మాత్రం ఆవుల కాపరి నుంచే. ఇంటిపేరు ఒక దారిలో, తిట్టు ఇంకో దారిలో వచ్చి ఒకే స్పెల్లింగ్ దగ్గర కలుసుకున్నాయి. కాల్వర్ట్ అనే ఇంటిపేరు కూడా అలాంటిదే, దూడల కాపరి, కాఫ్ ప్లస్ హెర్డ్. హాగర్ట్ పందుల కాపరి.

కౌ పేజీలో మనకి ఇంకా దగ్గర సంగతి ఉంది. ఇంగ్లీషు కౌ, సంస్కృతం గో, గ్రీకు బౌస్, లాటిన్ బోస్, నాలుగూ ఒకే మూలం నుంచి చీలిన మాటలు. గో అని మనం రోజూ అంటున్నదీ కౌ అని వాళ్ళంటున్నదీ ఒకటే అని తెలిస్తే పిల్లలకి ఇంగ్లీషు అంత పరాయిదనిపించదు. ఇంకాస్త ముందుకెళ్ళండి. పాస్టర్ అంటే లాటిన్‌లో గొర్రెల కాపరి, మేపడం, కాపాడటం అనే అర్థాలున్న మూలం నుంచి వచ్చింది. సంస్కృతంలో కాపాడటానికి ‘పా’ ధాతువు, గోపాల, భూపాల అనే మాటల్లో ఉన్నది, దాన్నీ భాషాశాస్త్రజ్ఞులు ఆ మూలానికే చేరుస్తారు. అంటే గోపాలుడు అనే మాటని విడదీస్తే మొదటి సగం కౌకి చుట్టం, రెండో సగం పాస్టర్‌కి చుట్టం. మా వీధిలో ఒక చివర వేణుగోపాలస్వామి గుడి, ఇంకో చివర చర్చి, పాస్టర్ గారి ఇల్లు. పిల్లలకి ఇది చెప్పి ఇంటికి పంపాను, మర్నాడు ఇద్దరు ముగ్గురి అమ్మలు దారిలో ఆపి ‘నిజమేనాండీ మాస్టారూ’ అని అడిగారు. నిజమేనమ్మా అని పేజీ చూపించాను.

కౌబాయ్ గురించి కూడా చెప్పాలి, క్లాసులో అందరికీ ముందు కావాల్సింది అదే కాబట్టి. మనవాళ్ళకి కౌబాయ్ అంటే గుర్రం, టోపీ, పిస్తోలు. సైట్‌లో మొదటి తేదీ 1725, అర్థం ఆవులు కాసే కుర్రాడు, అంతే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో న్యూయార్క్ చుట్టుపక్కల బ్రిటిష్ వాళ్ళ పక్షాన తిరుగుతూ పశువుల్ని తోలుకుపోయిన ముఠాలకీ ఆ పేరు పడింది. గుర్రం ఎక్కి పడమటి మైదానాల్లో మందలు తోలే మనిషి అనే అర్థం 19వ శతాబ్దం సగానికి గానీ రాలేదు. ఆ పనితనం కూడా అమెరికా వాళ్ళ సొంతం అనుకోకండి, మెక్సికో వైపు వాకేరోల దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది, వాకా అంటే స్పానిష్‌లో ఆవు. వాకేరోనే ఇంగ్లీషు నోళ్ళలో పడి బకరూ అయింది.

కౌబాయ్‌లో ఆ ‘బాయ్’ దగ్గర నేను కాసేపు ఆగుతాను. మా వైపు కూడా పశువులు కాసేది కుర్రాళ్ళే. పొద్దున్నే గేదెల్ని తోలుకుని లంకలోకి పోయి, నీళ్ళలో గేదె వీపు మీద పడుకుని దాటి, సాయంత్రం ధూళిలో తిరిగొచ్చే పిల్లలు ఎంతమంది పలక పట్టకుండా పెద్దవాళ్ళైపోయారో మా నాన్నగారి తరం వాళ్ళని అడగండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా వరిచేలు పరుచుకున్నాయి, చేను చేనుకీ మధ్య మేత ఎక్కడుంది, లంకలూ కాలవ గట్లూ తప్ప? ఆ పనికి పెద్దవాళ్ళ కూలి దండగని పిల్లల్ని పంపేవారు. రెండు దేశాల్లోనూ పశువుల వెనక కుర్రాడే ఉన్నాడు, వాళ్ళ మాటలో అది అచ్చయి ఉండిపోయింది.

ఇప్పుడు జాగ్రత్తలు. నచ్చిన సైట్ కదా అని దాచిపెట్టడం మంచిది కాదు.

ఇది మామూలు డిక్షనరీ కాదు, ఆ సంగతి సైటే చెప్పుకుంటుంది. ఈ రోజు ఆ మాటకి అర్థమేంటో, వాక్యంలో ఎలా వాడాలో చూసుకోవడానికి వేరే డిక్షనరీ ఉండాల్సిందే. పుట్టుక చెప్పి అదే అసలు అర్థం అని పిల్లల చేత అనిపించకండి. కానిస్టేబుల్ అంటే మొదట గుర్రపుశాల అధికారి, మార్షల్ అంటే మొదట గుర్రాల దగ్గర పనివాడు, అలాగని స్టేషన్‌కెళ్ళి కానిస్టేబుల్ గారిని గుర్రం ఏదండీ అని అడుగుతామా? తేదీల విషయం కూడా. మాట పక్కన ఉన్న ఏడాది, రాతలో దొరికిన అన్నిటికన్నా పాత సాక్ష్యం. జనం నోట్లో అది అంతకు ముందే తిరిగి ఉండొచ్చు. కౌబాయ్ 1725లో పుట్టింది అని నోట్సులో రాయించకండి, 1725 నాటికి ఉంది అని రాయించండి. నక్షత్రం గుర్తు ఉన్న రూపాలు ఇంకో రకం, ఎక్కడా రాసి దొరికినవి కావు, చుట్టం మాటల్ని పోల్చి పండితులు కట్టిన రూపాలు. పిల్లలు దాన్ని చూసి ఇదేం భాషండీ అంటారు, ముందే చెప్పి ఉంచండి.

ఉచ్చారణ కోసం దీని మీద ఆధారపడలేం. షెపర్డ్ అని పలకాలని పేజీ మీకు నోటితో చెప్పదు, ఎందుకలా పలుకుతారో కారణం ఇస్తుంది, శబ్దం వేరేచోట వినిపించుకోవాలి. ఆరో తరగతి పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చి చదువుకోరా అంటే పని జరగదు. మిడిల్ డచ్, ఓల్డ్ హై జర్మన్ అని వరసగా భాషల పేర్లు వస్తుంటే బెదిరిపోతాడు. పెద్దవాళ్ళు ఒకరు పక్కన కూర్చుని ఏది వదిలేయాలో, ఏది మన మాటతో కలిపి చెప్పాలో చూసుకోవాలి. ముప్పై, అరవై లాంటివి ఆ సైట్ ఇవ్వదు, మనమే తెచ్చుకోవాలి.

నాకు అనుమానం వస్తే ఛేంబర్స్ డిక్షనరీలో మూలం చూస్తాను. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ, 1989 ముద్రణలో 20 సంపుటాలు, అన్నిటికన్నా వివరంగా ఉంటుంది గానీ ఆన్‌లైన్‌లో పూర్తిగా చదవాలంటే చందా కట్టాలి. ఎటిమాన్‌లైన్ వాళ్ళు కూడా అలాంటి పెద్ద గ్రంథాల మీదే ఆధారపడతారు. మన ట్యూషన్ అవసరానికి ఇది సరిపోతుంది, సరిపోయి మిగులుతుంది.

బాతుల సంగతి కూడా చెప్పేస్తాను, మా వైపు వాళ్ళకి పనికొస్తుంది. దాళ్వా కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు దిగుతాయి కదా, ఒక మనిషి పొడుగాటి కర్ర పట్టుకుని ముందు, ఇంకొకరు వెనక, రోడ్డు దాటుతుంటే బస్సు కూడా ఆగాల్సిందే, ఆ కర్ర చివర కట్టిన గుడ్డ ఏ వైపు వాలితే మొత్తం మంద ఆ వైపు ఒరుగుతుంది. వాళ్ళనేమంటారండీ ఇంగ్లీషులో అని అడిగారు పిల్లలు. పెద్దబాతుల కాపరికి గూస్‌హెర్డ్ ఉంది. అదే కొన్ని ప్రాంతాల మాండలికంలో అరిగి గోజర్డ్ అయింది, షీప్‌హెర్డ్ షెపర్డ్ అయినట్టే. ఈ లెక్కన డక్‌హెర్డ్ అనొచ్చా అన్నారు. అనండ్రా, విన్నవాడికి అర్థమవుతుంది అన్నాను. మాట ఎలా కట్టారో తెలిశాక వాళ్ళు కట్టడం మొదలుపెట్టారు, గేదెలకి బఫెలోహెర్డ్, మేకలకి గోట్‌హెర్డ్. గోట్‌హెర్డ్ నిజంగానే డిక్షనరీలో ఉందని చూపించేసరికి ఒకడు గెంతులేశాడు.

ఒక్క లోటు మనసులో ఉండిపోయింది, అది ఈ సైట్ తప్పు కాదు. తెలుగు మాటలకి ఇంత సులువుగా, పిల్లాడు ఫోన్‌లో కొట్టి చదువుకునేలా ఇలాంటిది కావాలి. సరుకు లేక కాదు. బ్రౌన్ దొర మన రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన మనిషే, ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1903 నాటి సవరించిన ముద్రణ, షికాగో యూనివర్సిటీ వాళ్ళ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు కూడా అక్కడే ఉంది, మన గొఱ్ఱెకీ కన్నడ కురికీ ఉన్న చుట్టరికం లాంటివి అందులో చూసుకోవచ్చు. కానీ అది ఇంగ్లీషు లిపిలో, గుర్తులతో, పరిశోధకుల కోసం చేసినది. గొఱ్ఱె అని తెలుగులో కొట్టి తెలుగులో చదువుకునే రోజు రావాలి, తెలుగు శాఖలున్న విశ్వవిద్యాలయాలు ఎవరైనా ఈ పని ఎత్తుకుంటే డబ్బు కట్టి వాడటానికి నాలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. కొత్తగా తెరిచేవాళ్ళు ఈ వరసలో చూడండి, షెపర్డ్, హెర్డ్, కౌ, కవర్డ్, పాస్టర్, కానిస్టేబుల్. ప్రతి ఎంట్రీలోనూ ఇంకో మాటకి లింకులు ఉంటాయి, నొక్కుకుంటూ పోతే గంట గడిచిపోతుంది, రేపటి పాఠం తయారు చేసుకున్నాకే మొదలుపెట్టండి.